ఫ్రిజ్జులో మెట్రో కార్డు

సొంత డబ్బుతో డాక్యుమెంటరీ తీయబోయేవారికి కెమెరా గురించి, ఎడిటింగ్ గురించి, అప్పుల గురించి సలహాలిచ్చే పెద్దలు ఊరినిండా ఉన్నారు గానీ, ఫ్రిజ్జు గురించి హెచ్చరించే మహానుభావుడు ఒక్కడూ లేడు. మా చిత్రానికి కథానాయకుడు మెట్టుగూడలో ఒక పాత అపార్టుమెంటులో ఉంటున్న శాక్సఫోన్ మాస్టారు. ఎనభై ఏళ్లు దాటినా, కాఫీకంటే ముందే రీడును, అంటే వాద్యం మూతికి బిగించే సన్నని రెల్లురేకును, నోట తడుపుకొని సాధనకు కూర్చునే మనిషి. జాజ్ గురించి ఆయన చెబుతుంటే ఎంతసేపైనా వినవచ్చు. రికార్డు చేయడానికి మాత్రం సికింద్రాబాదు ఒప్పుకోదు.

1935లో అమెరికన్ జాజ్ వయొలిన్ విద్వాంసుడు లియాన్ ఆబీ తన బృందంతో వచ్చి బొంబాయి తాజ్‌మహల్ హోటల్లో వాయించిన సంగతి ఆయన ఎత్తుకోగానే, కింద వీధిలో ట్రాలీ ఆటో మైకు "పాత ఇనుము, పాత ప్లాస్టిక్ కొంటాం" అని అందుకుంది. గోవా వాద్యకారులు ఆ విద్యను హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లోకి ఎలా తీసుకువెళ్లారో వివరిస్తుండగా పక్కింటి కుక్కరు కూసింది. 1963లో జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్ భారతదేశానికి వచ్చిన ఘట్టాన్ని రైలు హారను మింగేసింది.

మా సౌండ్ రికార్డిస్టు వీటన్నిటినీ క్షమించాడు. ఫ్రిజ్జును మాత్రం క్షమించలేదు. దాని మోత చిన్నదే అయినా, అది తనంతట తాను ఆగి తనంతట తాను మొదలవుతుంది కాబట్టి, రెండు ముక్కలను కత్తిరించి అతికించినచోట దొరికిపోతామని చెప్పి ప్లగ్గు పీకేశాడు. ఈ వృత్తిలో ఒక పాత ఆచారం ఉంది. ఫ్రిజ్జు ఆపినవాడు తన బండి తాళంచెవిని అందులోనే పెట్టాలి. తాళంచెవి లేనిదే ఇంటికి వెళ్లలేడు గనుక వెళ్లేముందు తలుపు తెరుస్తాడు, ప్లగ్గు సంగతి గుర్తుకొస్తుంది. మావాడు ఆచారం తప్పే రకం కాదు, కానీ ఆ రోజు మెట్రోలో వచ్చాడు. అందుకని తాళంచెవికి బదులు మెట్రో కార్డును ఇడ్లీపిండి గిన్నె మూతమీద భక్తిగా ఉంచాడు. సాయంత్రం సామాను బరువుగా ఉందని అతనిని మా కారులోనే ఇంటి దగ్గర దింపాము.

అది మే నెల. తెల్లవారేసరికి పిండి పొంగి, మూతను, మూతతోపాటు కార్డును పక్కకు నెట్టి, కింది అరలోని కూరగాయలమీదికి దిగింది. పాలు విరిగాయి. అమ్మగారు ఫోనులో మొదట అన్న మాటలు ఇక్కడ రాయదగినవి కావు. తరువాత ఫోను మాస్టారి చేతికి వచ్చింది. ఆయన బాధ వేరు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 50 సార్లు ఊగేది, కాబట్టి ఆ ఫ్రిజ్జు దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్ దగ్గర మూలుగుతుంది. పాశ్చాత్య సంగీతంలో 98 హెర్ట్జ్ దగ్గరుండే జి స్వరానికి అది వెంట్రుకవాసి పైన. ఏళ్ల తరబడి ఆయన సాధన ఆ శ్రుతిపెట్టె పక్కనే సాగింది.

"రాత్రి ఎంత వాయించినా ఏదో వెలితిగా ఉందయ్యా. చెవులు పోయాయేమో, డాక్టరుకు చూపించుకుందామనుకున్నాను. తీరా చూస్తే పోయింది ఫ్రిజ్జు" అన్నారు.

మినప్పప్పు, పాల ప్యాకెట్లు పట్టుకొని వెళ్లి సంధి కుదుర్చుకున్నాము. అమ్మగారు కార్డును కడిగి ఇచ్చారు గానీ పులుపు వాసన పోలేదు. ఇకమీదట ఫ్రిజ్జు ఆపాలంటే ఆమె షరతు ఒక్కటే: "నీ సెల్‌ఫోను అందులో పెట్టు నాయనా, అది లేకుండా నువ్వు గుమ్మం దాటవు."

ఆమె మాట ప్రకారమే ఫోను పెరుగుగిన్నె పక్కకు చేరింది. పాత జాజ్ పాటల హక్కులు కొనే స్తోమత మాకు లేదు కనుక మాస్టారు ఎవరి హక్కులూ అంటని పన్నెండు బార్ల (మన తాళంలో ఆవర్తాల వంటివి) బ్లూస్ బాణీని, జి శ్రుతిలోనే, ఎత్తుకున్నారు. వీధిలో ఆటో లేదు, పక్కింట్లో కుక్కరు లేదు, రైలు కూడా దయతలచింది. పదకొండు బార్లు అద్భుతంగా వచ్చాయి. పన్నెండవ బారులో ఫ్రిజ్జు మోగింది.

కొరియర్ వాడట, ఇల్లు ఎక్కడని.