హైతీలో మొక్క నాటు విధానము

కరీబియన్ దేశం హైతీ మీద ఏ నివేదిక తిరగేసినా మొదటి పేజీలోనే "అక్కడ అడవి 2 శాతమే మిగిలింది" అని ఉంటుంది. ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు అని అడక్కూడదు. ఉపగ్రహ చిత్రాలు పెట్టి లెక్కగట్టిన శాస్త్రవేత్తలు 2014లో చెట్ల కప్పు 30 శాతం పైచిలుకే అని తేల్చారు. పాపం, వాళ్లకు నిధులు రాబట్టే విద్య తెలీదు. 2 అంటేనే కదా దాతగారి కళ్లు చెమర్చేది!

ఇక శాస్త్రోక్త విధానం. వానలు ఏప్రిల్, మే నెలల్లో పడతాయి కనుక మొక్కలు డిసెంబరులో నాటవలెను; బడ్జెట్టు మురిగిపోకూడదు. మట్టి నింపిన బరువైన పాలిథిన్ సంచుల్లోనే తేవలెను. కొండెక్కేసరికి సగం వాడిపోతాయి, ఫర్వాలేదు. అతిథిగారు సంచి చింపకుండానే గుంతలో దించుతారు. వేళ్లు లోపలే చుట్టలు చుట్టుకుంటాయి, ఫొటోలో కనపడవు. అరచెంబు నీళ్లు, చప్పట్లు, బోర్డు. జీపు మలుపు తిరిగేలోపు మేక హాజరు. అదీ లబ్ధిదారే కదా! బోర్డు ఇనుపది కాబట్టి బతికిపోతుంది.

1981లో ఒక ప్రాజెక్టు ఈ ఆచారం తప్పింది. మానవశాస్త్రవేత్త జెరాల్డ్ మర్రే మాట విని, త్వరగా ఎదిగే మొక్కలిచ్చి, చెట్టు నీదే, నరుక్కునే హక్కూ నీదే అని రైతుకు చెప్పారు. చిన్న గొట్టాల్లో పెంచిన తేలిక మొక్కలు, ఒక మనిషి గంపలో వందలు పట్టేవి. నాలుగేళ్లలో 30 లక్షలు అనుకుంటే దాదాపు 2 కోట్లు నాటారు. నరకడానికి నాటడమా, ఎంత అపచారం!

అక్కడ బొగ్గుకు ఎక్కువగా కాల్చేది మన సర్కారు తుమ్మనే. నరికితే మోడు నుంచే మళ్లీ లేస్తుంది. కట్టె పేర్చి, ఆకులు కప్పి, పైన మట్టి మెత్తాలి. పొగ తెల్లగా ఉందంటే ఇంకా తడి పోతోందని, నీలంగా పలచబడితే కాలిందని. ఈలోగా మట్టి పగిలి గాలి దూరిందా, తెల్లారేసరికి బూడిదే. రాత్రంతా దానికి కాపలా ఉండేవాడి పేరు నివేదికలో "అడవి విధ్వంసకుడు".

విధ్వంసకుడా? హైతీ ఒకప్పుడు ఫ్రాన్స్ వలస; అక్కడి బానిసలు తిరగబడి స్వతంత్రులయ్యారు. అందుకు పరిహారమంటూ 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి 15 కోట్ల ఫ్రాంకులు కక్కమంది. ఎవరికి? కొరడా దెబ్బలు తిన్నవాళ్లకు కాదు, కొట్టడానికి బానిసలు లేకుండా పోయిన యజమానులకు! తర్వాత 9 కోట్లకు తగ్గించారు, మహా దయ. దాని కోసం చేసిన అప్పులు 1947 దాకా తీర్చారు. 19వ శతాబ్దమంతా హైతీ మహాగని దుంగలు ఓడలెక్కుతూనే ఉన్నాయి. సిగ్గు లేదూ? ఇప్పుడొచ్చి రైతు చేతిలో పొదుపు పొయ్యి పెట్టి, కట్టె కాస్త తక్కువ కాల్చు నాయనా అంటున్నారు.