ఉప్పులో కలిసే నీటికీ లెక్కుంది

ధవళేశ్వరం గేట్లు ఎత్తిన ప్రతిసారీ టీవీ చర్చల్లో ఒకటే గోల: గోదావరి నీళ్లన్నీ వృథాగా సముద్రం పాలవుతున్నాయని. గోదావరి వరద నీటిని రాయలసీమకు మళ్లించాలన్న బనకచర్ల ప్రాజెక్టు గొడవ పాఠకులకు తెలిసిందే, మళ్లీ చెప్పను. ఆ ‘వృథా’ లెక్క ఎంత తప్పో తెలియాలంటే ఎత్తయిన ఎడారుల్లోని ఉప్పు సరస్సులను చూడాలి.

లద్దాఖ్‌లోని త్సో కార్ 4,500 మీటర్ల పైన ఉంది. వాన మేఘాలను హిమాలయాలు ఆపేస్తాయి కాబట్టి కరిగిన మంచు నీరే దానికి దిక్కు. చేరిన నీటికి బయటికి దారి లేదు. ఎండకూ గాలికీ నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. తెల్లటి ఒడ్డు, నీలం నీళ్లు, చుట్టూ చెట్టన్నదే లేని కొండలు. కోనసీమ పచ్చదనానికి అలవాటైన కంటికి అది ఎందుకూ పనికిరాని చోటు. కానీ పక్కనే ఉన్న మంచినీటి సరస్సు చిత్తడిలో నల్లమెడ కొంగలు గూళ్లు కడతాయి. కియాంగ్ అనే అడవి గాడిదలు మందలుగా మేస్తాయి. తలపై నల్ల పట్టీలుండే బార్ హెడెడ్ గూస్ 7,000 మీటర్లు దాటి కూడా ఎగరగలదు. పల్చటి గాలిలోనూ ఆక్సిజన్ పట్టుకునే రక్తం దానిది. ఎంత అద్భుతం! చలికాలంలో కాకినాడ తీరానికొచ్చే బ్రౌన్ హెడెడ్ గల్ కూడా లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర గుడ్లు పెట్టే జాతే. అక్కడ దాని తల ముదురు గోధుమ రంగు, మన దగ్గర దాదాపు తెలుపు.

పక్షులతో మనకేం పని అనేవారికి రొయ్యల లెక్కే చెబుతాను. మన తీరంలో హేచరీల్లో రొయ్య లార్వాకు వేసే మేత ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో బతికే రొయ్యలాంటి చిన్న జీవి. డబ్బాల్లో పొడిలా వచ్చే దాని గుడ్లను ఉప్పునీటిలో వేస్తే ఒక రోజులో పిల్లలవుతాయి. ప్రపంచానికి ఆ గుడ్లు అందించే ప్రధాన వనరుల్లో ఒకటి అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్. సుమారు 1,280 మీటర్ల ఎత్తున, ఎడారి అంచున ఉంది. దానిలోకి పారే నదులను దశాబ్దాలుగా పొలాలకూ నగరాలకూ మళ్లించారు. 2022లో నీటిమట్టం రికార్డుల్లో ఎన్నడూ లేనంత పడిపోయింది. ఉప్పదనం పెరిగి ఆర్టీమియాకే టెన్షన్ మొదలైంది. ఎండిన అడుగు నుంచి ఆర్సెనిక్ కలిసిన ధూళి లేచి ఊళ్ల మీద పడుతోంది. ఉప్పులో కలిసే నీరు ఎవరికి పనికొస్తుందిలే అనుకుంటే జరిగింది ఇది.

మన నదీ ముఖాల దగ్గరా ఇదే లెక్క. కోరింగ మడ అడవులకు ఉప్పునీటితో పాటు మంచినీరూ కావాలి. పులస వరద నీటికే ఎదురీదుతుంది. నది తెచ్చే ఒండ్రు తగ్గితే తీరాన్ని సముద్రం కోసేస్తుంది.

రాయలసీమకు నీళ్లొద్దా అంటారు. కావాలి. దాహంతో ఉన్న ఊరికి కాదని చెప్పే హక్కు ఎవరికీ లేదు. అయితే ఎంత మళ్లిస్తారో చెప్పేవారు ఏ నెలలో సముద్రానికి ఎంత వదులుతారో కూడా ప్రాజెక్టు నివేదికలోనే రాయాలి. ముఖ్యంగా బ్యారేజీ దిగువన నది ఇసుక తేలే వేసవి నెలలకు. ఆ అంకె లేని నివేదికను మన డెల్టా ఎమ్మెల్యేలు, ఎంపీలు ఒప్పుకోకూడదు.