మోటారు ఆపినా పైపులో నీళ్లుంటాయి

"నర్సమ్మా, నేనే తప్పు చెయ్యలే. నా పిల్లల మీద ఒట్టు."

పోయిన వానాకాలంలో ఒక అమ్మాయి మా సబ్‌సెంటర్‌లో నా చెయ్యి పట్టుకుని అన్న మాట ఇది. వయసు 26. ఇద్దరు పిల్లలు. నెల తప్పి పది రోజులైంది. కిట్‌తో చూస్తే రెండు గీతలు వచ్చాయి. రెండు నెలల కిందటే ఆమె భర్తకి వేసెక్టమీ, అంటే మగవాళ్లకి చేసే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, అయింది. అతను బయట వేపచెట్టు కింద బండి మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. అత్త మాత్రం గుమ్మంలో నిలబడి, "ఆపరేషన్ అయిన మనిషికి కడుపెట్ల వస్తది, నువ్వే చెప్పు" అంది. ఆ మాట నన్ను అడగడానికి కాదు, కోడలికి వినిపించడానికి.

నేను పాత వరంగల్ జిల్లాలో ఏఎన్ఎంని. 16 ఏళ్లుగా ఇదే పని. ఆ దంపతులిద్దరినీ అడిగే ఇది రాస్తున్నాను. ఊరూ పేరూ రాయను.

అతన్ని లోపలికి పిలిచాను. ఆపరేషన్ తర్వాత ఏం చెప్పారని అడిగితే, "మందులిచ్చిండ్రు, రెండు రోజులు పని చెయ్యొద్దన్నరు, పొమ్మన్నరు" అన్నాడు. నిరోధ్ (కండోమ్) వాడమన్నారా? లేదు. మూడు నెలలకి వీర్యం పరీక్ష చేయించుకోమన్నారా? అదేం పరీక్ష అన్నాడు. కాగితం ఇచ్చారట. పట్టా పాస్‌బుక్‌లో మడిచి పెట్టుకున్న ఆ కాగితాన్ని తీసి చూపించాడు. మూడు నెలల సంగతి, పరీక్ష సంగతి రెండూ అందులో ఉన్నాయి. ఇంగ్లీషులో. ఏడో తరగతితో బడి మానేసి మిర్చి, పత్తి పండించుకునే మనిషి చేతిలో పెట్టారు దాన్ని.

ఆపరేషన్‌కి ముందే నాళాల్లో చేరిన వీర్యకణాలు మూడు నెలల దాకా ఉండొచ్చు. ఆ సంగతి అతనికి నాకు తోచినట్టు చెప్పాను. "నువ్వు బోరు మోటారు బంద్ చేసినవనుకో. అప్పటికే పైపులో ఉన్న నీళ్లు మడిలకు వస్తయా రావా?"

"వస్తయి."

"ఎంతసేపు?"

"పైపు పొడుగును బట్టి" అన్నాడు. అన్నాక కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాతే భార్య వైపు చూశాడు.

మర్నాడు పరీక్షకి పంపించాను. రిపోర్టులో వీర్యకణాలు ఉన్నట్టు వచ్చింది. ఆ రిపోర్టు పట్టుకుని నేనే వాళ్లింటికి వెళ్లి, అత్తని కూర్చోబెట్టి, లైను లైనూ తెలుగులో చదివి వినిపించాను. మూడో బిడ్డ వద్దని వాళ్లిద్దరూ అనుకున్నారు. గర్భం రాకుండా వాడిన పద్ధతి ఫెయిలైతే తీయించుకోవడానికి 1971 నాటి చట్టమే ఒప్పుకుంటుంది. పెద్దాసుపత్రిలో చేయించుకున్నారు. తర్వాత మళ్లీ పరీక్ష చేయిస్తే అతనికి వీర్యకణాలు ఒక్కటి కూడా లేవు. ఆపరేషన్ బాగానే జరిగింది. చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకపోవడం వల్ల ఆ పిల్ల పది రోజులు అన్నం తినలేదు.

అప్పటి నుంచి నాకు కోపం తగ్గలేదు. అందులో సగం నా మీదే.

నేను రోజూ చేసేది చూడండి. అర్హులైన దంపతుల రిజిస్టర్ పట్టుకుని పదకొండింటికి ఊళ్లోకి పోతాను. ఆ టైములో మగవాళ్లు చేన్లో ఉంటారు, ఆటో నడుపుతుంటారు, టౌన్లో అడ్డా మీద ఉంటారు. ఇంట్లో ఉండేది ఆడవాళ్లే. గర్భం రాకుండా వాడే కాపర్-టి సంగతి, అంతర ఇంజెక్షన్ సంగతి, ఛాయ మాత్రల సంగతి అన్నీ వాళ్లకే చెప్తాను. ఇద్దరు పిల్లలయ్యాక ఆపరేషన్ గురించీ వాళ్లకే చెప్తాను. "మీ ఆయనకి చేయిస్తావా?" అని ఒకసారి అడుగుతాను. "అయ్యో, ఆయన పని చేసేటోడు, నాకే చెయ్యండి" అంటుంది. రిజిస్టర్‌లో రాసుకుంటాను. ఆ మగమనిషిని మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. మాతో పాటు మగ హెల్త్ అసిస్టెంట్లూ ఉన్నారు. వాళ్లని జ్వరాల సర్వే, దోమల మందు, రక్తపూతల పనికి తిప్పుతారు, ఈ మాట మాట్లాడమని ఎవరూ అడగరు. మగవాడితో మాట్లాడాల్సిన విషయాన్ని ఆడవాళ్ల చేతిలో పెట్టి, ఆడవాళ్లకే చెప్పించి, చివరికి "మగవాళ్లు ముందుకు రావడం లేదు" అని రిపోర్టు రాస్తాం.

పని చేసేటోడు అంట. మరి ఆమె? పొద్దున నాలుగింటికి లేచి, నాట్లేసి, పత్తి ఏరి, ఇంటికొచ్చి పొయ్యి ముట్టించే మనిషికి పొట్టలో ఆపరేషన్ అయినా పర్లేదా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో దేశం మొత్తం మీద పెళ్లైన జంటల్లో ఆడవాళ్లకి ఆపరేషన్ అయినవి 37.9 శాతం, మగవాళ్లకి అయినవి 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల ఆపరేషన్ దాదాపు 70 శాతం. తెలంగాణలో 60 పైనే. మన రెండు రాష్ట్రాల్లో ఇళ్లలో పిల్లలు వద్దనుకుంటే ఆడదాని పొట్టే గుర్తొస్తుంది. రెండో కాన్పు సిజేరియన్ అయితే ఇంక అడగక్కర్లేదు, "ఎలాగూ పొట్ట కోస్తున్నాం కదా, అది కూడా చేసేద్దాం" అంటారు. నాకూ అలాగే చేశారు. అప్పుడు నాకు 24. ఈ ఉద్యోగంలో ఉండి, అన్నీ తెలిసి, నేను మా ఆయనతో "నువ్వు చేయించుకుంటావా" అని ఒక్కసారైనా అనలేదు. ఆయన కాదనేవాడో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు.

మగవాళ్లు ఎప్పుడూ ఇలాగే ఉన్నారనుకోకండి. ఒకప్పుడు వేసెక్టమీకి క్యూలు కట్టారు. 1971 జూలైలో కేరళలోని ఎర్నాకుళంలో ఒక్క నెల క్యాంపులో 60 వేలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. పాడుచేసింది ఎమర్జెన్సీ. 1976లో దాదాపు 62 లక్షల మంది మగవాళ్లకి చేశారు. టార్గెట్లు పెట్టి, జీతాలు ఆపుతామని బెదిరించి, కొన్ని చోట్ల ఊళ్లని చుట్టుముట్టి మరీ పట్టుకుపోయారు. ఆ భయం తాతల నుంచి మనవళ్ల దాకా వచ్చింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలకి మగవాళ్ల జోలికి పోవాలంటే జంకు. ఎదురు చెప్పని ఆడవాళ్ల మీదికి మొత్తం కార్యక్రమాన్ని మళ్లించారు.

ఆ క్యాంపుల్లో ఏం జరిగిందో మనకి తెలుసు. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే డాక్టర్ కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్లకి చేశాడు, పదిమందికి పైగా చనిపోయారు. 2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గర మన ఇబ్రహీంపట్నంలో డీపీఎల్ (పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి ఆడవాళ్లకి చేసే ఆపరేషన్) క్యాంపు అయ్యాక నలుగురు తల్లులు పోయారు.

ఆడవాళ్లకి చేసే ఆపరేషన్‌లో పొట్ట లోపలికి పోవాలి. మగవాళ్లకి పొట్ట జోలికే పోరు. ఇప్పుడు చేసే కోత, కుట్టు లేని పద్ధతిని 1974లో చైనా డాక్టర్ లీ షున్‌చియాంగ్ కనిపెట్టాడు. వృషణాల సంచి దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, పన్ను పీకేటప్పుడు ఇచ్చినట్టే. చర్మానికి చిన్న కంత పెట్టి, వీర్యకణాలు వచ్చే రెండు నాళాలని బయటికి తీసి, కత్తిరించి ముడేస్తారు. పావుగంట, ఇరవై నిమిషాలు. కాసేపు కూర్చుని నడిచి ఇంటికి పోవచ్చు. రెండు రోజులు విశ్రాంతి, వారం దాకా బరువులు ఎత్తకూడదు, సైకిల్ తొక్కకూడదు. పట్టుగా ఉండే డ్రాయర్ వేసుకోవాలి. కొంచెం వాపు, నొప్పి ఉంటాయి. జ్వరం వచ్చినా, వాపు పెరిగినా, రక్తం కారినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

మగతనం సంగతి. అందరూ అడగాలనుకుని అడగనిది అదే. మగతనానికి కారణమైన హార్మోన్ ఆ నాళాల్లో పోదు, రక్తంలోకి పోతుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు. కోరిక తగ్గదు, గడ్డం రాలదు, గొంతు మారదు, కండ కరగదు. వీర్యం కూడా ఎప్పటిలాగే వస్తుంది, ఎందుకంటే అందులో వీర్యకణాల వాటా నూటికి ఐదు వంతుల లోపే, మిగతాదంతా పైన ఉన్న గ్రంథుల్లో తయారవుతుంది. తేడా కంటికి కనిపించదు. వృషణాలు తీసేస్తారనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అందులో డిగ్రీ చదివినవాళ్లూ ఉన్నారు.

దాచకుండా చెప్పాల్సినవీ ఉన్నాయి. ఇది శాశ్వతం. మళ్లీ కలిపే ఆపరేషన్ ఉన్నా పిల్లలు పుడతారన్న గ్యారంటీ లేదు. మనసులో ఇంకా ఊగిసలాట ఉంటే చేయించుకోవద్దు. సుఖవ్యాధులని, హెచ్ఐవీని ఇది ఆపదు. మూడు నెలల మాట పైన చెప్పాను, మళ్లీ చెప్తాను: ఆపరేషన్ అయిన రోజు నుంచి మూడు నెలలు నిరోధ్ వాడాలి, తర్వాత పరీక్షలో కణాలు లేవని వచ్చాకే ఆపాలి. అది ఇంటావిడ పరువు కోసం కూడా. పరీక్ష చేయించుకోని మగవాడి అజాగ్రత్తకి ఊరు వేసే శిక్ష ఆమెకే పడుతుంది.

ఇంకా పిల్లలు కావాలనుకునే మగవాళ్లకి ఇప్పుడున్నది నిరోధే. మా దగ్గర ఊరికే ఇస్తాం. కానీ పెట్టె కిటికీలో పెట్టి వదిలేస్తే సరిపోదు, ఎలా వాడాలో చెప్పాలి. తేదీ చూడాలి. పర్సులో నెలల తరబడి పెట్టుకుంటే వేడికీ రాపిడికీ పాడవుతుంది. కొబ్బరినూనె రాస్తే రబ్బరు దెబ్బతిని చిరుగుతుంది, ఇది మా ఊళ్లలో చాలామందికి తెలియదు. ఒకదాని మీద ఒకటి రెండు వేసుకోకూడదు. మామూలుగా వాడేవాళ్లలో ఏడాదికి నూటికి 13 మందికి గర్భం వస్తుంది, ప్రతిసారీ సరిగ్గా వాడితే ఇద్దరికే. "మేం జాగ్రత్తగానే ఉంటున్నం మేడం" అనేవాళ్లు ఉంటారు, అంటే చివర్లో బయటికి తీయడం. దానికి ఏడాదికి నూటికి 20 మంది దాకా గర్భం దాలుస్తారు. వేసెక్టమీకి నూటికి ఒక్కరి కంటే తక్కువే.

పేపర్లో "మగవాళ్లకి ఇంజెక్షన్ వచ్చేసింది" అని చదివి అడుగుతుంటారు. ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ సుజయ్ గుహ ఏళ్ల తరబడి చేసిన రైసుగ్ అది. అదే నాళంలోకి మందు ఎక్కించే పద్ధతి. 303 మంది మగవాళ్ల మీద చేసిన మూడో దశ ఫలితాలు 2023లో వచ్చాయి, బాగున్నాయి కూడా. భుజానికి రాసుకునే జెల్ మీద, హార్మోన్ లేని మాత్ర మీద బయటి దేశాల్లో పరీక్షలు నడుస్తున్నాయి. ఇవేవీ మీ ఊరి ఆసుపత్రిలో దొరకవు. దొరికేదాకా ఆగుదాం అనుకుంటే ఆలోపు ఇంకో ఆడమనిషి టేబుల్ మీద ఉంటుంది.

ఏటా నవంబర్ 21 నుంచి డిసెంబర్ 4 దాకా మగవాళ్ల కుటుంబ నియంత్రణ పక్షోత్సవాలు చేస్తాం. బ్యానర్ కడతాం, ఫొటో తీసి గ్రూపులో పెడతాం. ఫొటోలో ఉండేది నేను, ఆశా కార్యకర్తలు, కొందరు బాలింతలు. ఈసారి నేను ఆ బ్యానర్ తీసుకుని పొద్దున ఆరింటికి పాలకేంద్రం దగ్గరికి పోయాను. ఊళ్లో మగవాళ్లంతా క్యాన్లు పట్టుకుని నిలబడే చోటు అది. మగ హెల్త్ అసిస్టెంట్ తమ్ముడినీ రమ్మన్నాను. నేను మొదలుపెట్టగానే అందరూ తలలు దించారు. ఇద్దరు పాలు పోయకుండానే పక్కకి పోయారు. నా గొంతూ వణికింది, ఎందుకంటే అందులో నాకు బాబాయి వరసయ్యేవాళ్లున్నారు, అన్న వరసయ్యేవాళ్లున్నారు. అయినా ఆపలేదు. మత్తు ఇంజెక్షన్ దగ్గర్నుంచి డ్రాయర్ దాకా అన్నీ చెప్పాను.

చివర్లో ఒక హమాలీ, 30 ఏళ్లుంటాయి, క్యాన్ వంక చూస్తూ అడిగాడు: "ఆ తర్వాత బస్తాలు లేపొచ్చా మేడం? రోజుకు నూరు బస్తాలు మోస్త."

నేను జవాబు చెప్పబోతుంటే వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది. వేపచెట్టు కింద బండి దిగని ఆ మనిషే. క్యాన్ కింద పెట్టి ముందుకొచ్చాడు.

"లేపొచ్చు. వారం ఆగు, సాలు. నేను వారానికే మందు కొట్టే పంపు వీపుకు ఏసుకున్న. గాని మూడు నెలలు నిరోధ్ వాడు, పరీక్ష చేయించు. మోటారు బంద్ చేసినా పైపుల నీళ్లుంటయి. నా లెక్క చెయ్యకు. ఇంట్ల మనిషిని ఊకెనే ఏడిపించిన."