మ్యూజియం లేబుల్ గారికి ఒక సందర్శకుడి విన్నపం

మహారాజశ్రీ గాజుపెట్టెలోని లేబుల్ గారికి, నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మీరు కులాసాగానే ఉంటారు. ఏసీలో, అద్దం వెనక, దుమ్ము కూడా పడకుండా ఉన్నవారికి లోటేముంది? మాకే, మీ ముందు వంగి వంగి నడుం పట్టేసింది. వస్తువేమో కంటి ఎత్తున ఉంటుంది, మీరేమో మోకాలి ఎత్తున. పైగా బూడిదరంగు అట్ట మీద బూడిదరంగు అక్షరాలు. ఎవరైనా చదివేస్తారేమోనని టెన్షనా?

పోనీ అంత కష్టపడి వంగితే మీరు సెలవిచ్చేదేమిటి? "కుండ. మట్టి. క్రీ.పూ. 2వ శతాబ్దం (సుమారు)." అది కుండేనని కనిపిస్తూనే ఉంది స్వామీ. మట్టిదని కూడా తెలుస్తోంది. ఆ శతాబ్దం ఎలా తేలిందన్నదే మాకు తెలియనిది. ఏ పొరలో దొరికింది? పక్కన నాణెం ఏమైనా ఉందా? మాడిన గింజలు దొరికితే వాటికి కార్బన్ పరీక్ష చేశారా? తవ్వినవాళ్లు ఎండలో కూర్చుని పొర పొరా బ్రష్షుతో ఊడ్చి, కొలిచి, గీసి, ఫొటోలు తీసి తేల్చిన సంగతంతా మీరు ఆ బ్రాకెట్లో పెట్టి మూసేశారు.

తెలిసింది దాచడంలో సరే, తెలియనిది తెలిసినట్టు చెప్పడంలో మీరు ఇంకా ఘనులు. మొహెంజోదారోలో 1926లో దొరికిన కంచు బొమ్మనే తీసుకోండి. "నర్తకి, ఎత్తు 10.5 సెంటీమీటర్లు." ఎత్తు కొలిచారు, ఒప్పుకుంటాను. నాట్యం ఎవరు చూశారు? ఆ అమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది, అంతే. మీ అక్షరాలు కనబడక రోజూ మేమంతా నిలబడేది అలాగే. అక్కడే దొరికిన గడ్డం పెద్దమనిషిని "పూజారి రాజు" చేశారు. ఆయన పూజ చేశాడనీ తెలియదు, రాజ్యమేలాడనీ తెలియదు. అయినా రెండు ఉద్యోగాలూ ఇచ్చేశారు.

ఇక ఏమీ తోచనప్పుడు మీ దగ్గరో మంత్రం ఉంది: "బహుశా పూజాది కార్యాలకు వాడినది." రోమన్ల కాలం నాటి పన్నెండు ముఖాల బోలు లోహపు వస్తువులు యూరప్‌లో వందకు పైగా దొరికాయి. ముఖానికో రంధ్రం, మూలకో గుండీ. ఆనాటి రాతల్లో ఎక్కడా వాటి ఊసు లేదు. కొలత పరికరమని ఒకరు, కొవ్వొత్తి స్టాండని ఒకరు, చేతి తొడుగులు అల్లేదని ఇంకొకరు. "ఇది ఎందుకో ఎవరికీ తెలియదు" అని ధైర్యంగా రాయండి. నేనైతే అలాంటి లేబుల్ దగ్గరే ఎక్కువసేపు నిలబడతాను.

రాయి సంగతైనా నమ్ముదామంటే అదీ అంతే. ఈజిప్టులో దొరికిన ప్రాచీన శాసనం రొసెట్టా శిలను చాలాకాలం నల్లటి బసాల్ట్ అన్నారు. 1999లో శుభ్రం చేస్తే తేలింది, అది గ్రానైట్ లాంటి గ్రానోడయొరైట్ అనీ, ఆ నలుపులో చాలాభాగం మైనం, సిరా, మన చేతుల మురికీ అనీ. అమరావతి స్తూపం శిల్పాలు లండన్ చేరి "మార్బుల్స్", అంటే పాలరాళ్లు, అయ్యాయి. పాపం, అవి పల్నాటి సున్నపురాయి.

అన్నట్టు, ఆ రొసెట్టా శిల అంచుల మీద రంగుతో రాసిన రెండు పాత వాక్యాలున్నాయి. ఒకవైపు "1801లో బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో పట్టుకున్నది." రెండోవైపు "రాజు మూడో జార్జి బహూకరించినది." పట్టుకున్నది సైన్యం, బహూకరించింది రాజు, దొరికిన ఊరివాళ్లకు మాత్రం చోటు మిగల్లేదు. అయినా అంత నిక్కచ్చిగా చెప్పిన లేబుల్ నేను మళ్లీ చూడలేదు. మీరైతే "సేకరణ" అని ఊరుకునేవారు. కొన్నారో, అడిగి తెచ్చారో, అడక్కుండా తెచ్చారో, అన్నీ ఆ సేకరణలోనే.

ఇట్లు,
నడుం పట్టేసిన మీ సందర్శకుడు

తా.క.: మూల గదిలో ఒక గాజుపెట్టె ఖాళీగా ఉంది. లోపల మీరొక్కరే ఉన్నారు, "ఈ వస్తువు తాత్కాలికంగా తొలగించబడినది" అని. అట్ట పసుపెక్కి అంచులు చుట్టుకుపోయాయి. ఆ తాత్కాలికం ఏ శతాబ్దానిదో మాత్రం సుమారుగా కూడా రాయలేదు.