కాలూ మతమూ తప్ప ఇంకేం కనబడవా?

ఒడిశాలో మా బరంపురం, పాత బస్టాండు దగ్గర టీ కొట్టు. టీవీలో మన తెలుగు వార్తలే. చర్చలో ఒకాయన ఎదుటి పార్టీ నాయకుణ్ణి పట్టుకుని "కుంటోడు" అన్నాడు. యాంకరు నవ్వింది! నా పక్కన మా తమ్ముడు, చిన్నప్పుడే పోలియో వచ్చినోడు. సగం తాగిన గ్లాసు బల్ల మీద పెట్టేసి, కాలి పట్టీ సర్దుకుని లేచిపోయాడు. ఏం చెప్పను వాడికి?

జైపాల్ రెడ్డి గారు ఊతకర్రల మీదే పార్లమెంటుకి వెళ్ళారు. 1998లో ఉత్తమ పార్లమెంటేరియన్ అయ్యారు. ఆయన మాట వినాలా, కర్ర చూడాలా? వికలాంగుల్ని నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలని 2016 చట్టంలో ఉంది. స్టూడియోలకి వర్తించదా?

మతం సంగతీ అంతే. 2024లో కటక్‌లో సోఫియా ఫిర్దౌస్ గెలిస్తే "ఒడిశా తొలి ముస్లిం మహిళా ఎమ్మెల్యే" అన్నారు. చరిత్రే, కాదనను. ఒకసారి చెప్పండి చాలు! ఆవిడ సివిల్ ఇంజనీరు. కటక్ కాలువల గురించి అడగరేం? కలాం గారి గురించీ అదే వరస, వీణ వాయించేవారు, గీత చదివేవారు, అందుకే మంచివారు అని. నమాజు చేస్తే మంచివాడు కాకుండా పోతాడా?

తమ్ముడు ఆ కొట్టుకి మళ్ళీ రానంటున్నాడు.