ఫోన్లో ఉండే ఆఫీసు మెయిలు గారికి, పర్లాకిమిడి నుంచి

మెయిలు గారికి నమస్కారాలు,

తమరు బయల్దేరిన సంగతి నాకు తమరి వల్ల ఎప్పుడూ తెలీదు, మేనేజర్ గారు ఫోన్ చేసి తిడితేనే తెలుస్తుంది. మొన్న మంగళవారం సంగతే చూడండి. పొద్దున్న 10:12కి హెడ్డాఫీసులో బయల్దేరారు, పదిన్నరకల్లా స్టాక్ లెక్క పంపమని అందులో ముక్క, కింద "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" (గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోట్లాడిన ఊరికి రావలసిన మాటేనా అది). నేనేమో గోడౌన్లో జీడిపిక్కల బస్తాలు లెక్కెట్టించుకుంటూ ఫోన్ చొక్కా జేబులోనే పెట్టుకున్నాను, ఒక్క టింగు లేదు. 10:35కి మేనేజర్ గారు ఫోన్ చేసి "ఏమయ్యా మెయిల్ చూడవా" అని అరిచారు, తీసి వేలితో కిందకి లాగాను, లాగీ లాగగానే తమరూ, వెనకాల ఇంకో ఇద్దరూ దిగారు. అంటే గుమ్మం దాకా వచ్చి తలుపు కొట్టకుండా నిలబడ్డారన్నమాట! అదే ఫోన్లో, అదే గంటలో పాతపట్నం బావ పంపిన గుడ్మార్నింగ్ గులాబీ మాత్రం క్షణంలో వచ్చేసింది.

హెల్ప్‌డెస్క్‌కి చెప్తే ఆ అబ్బాయి మొదటి మాటే "అన్నా, మీది ఒడిశా బోర్డర్ కదా, సిగ్నల్ ఉండదు" అని. ఏటి బాబూ, సిగ్నల్ లేకపోతే నువ్వు మాట్లాడేది నాకెలా వినపడతంది? 1936లో ఒడిశాలో కలిపిన దగ్గర్నుంచి మాకిది అలవాటే, అటెళ్తే ఇటువాళ్లంటారు ఇటొస్తే అటువాళ్లంటారు, ఇప్పుడు సర్వర్లు కూడా మొదలెట్టాయి. రీస్టార్ట్ చెయ్యమన్నాడు చేశాను, అకౌంట్ తీసి మళ్లీ పెట్టమన్నాడు, నాలుగుసార్లు పెట్టాను, పెట్టినప్పుడల్లా నెలరోజుల పాత మెయిళ్లు దిగి ఆ రోజు డేటా కాస్తా మింగేశాయి.

ఇలా కాదని తమరి హెడర్లు, అంటే తమరు వచ్చిన దారి చిట్టా, తీశాను. వెనకటికి కార్డు మీద పోస్టాఫీసు ముద్రలు పడేవి చూడండి, అలాగే దాటిన ప్రతి సర్వరూ తన టైము గుద్ది పంపుతుంది, కొత్త ముద్ర పైన పడుతుంది కాబట్టి కింద నుంచి పైకి చదువుకోవాలి. కింద ముద్ర 10:12:03, పైది 10:12:07, అదే మా మెయిల్‌బాక్స్. నాలుగే సెకన్లు! క్యూలో నిలబడ్డమూ లేదు, కొత్తవాళ్లని అనుమానించే గ్రేలిస్టింగ్ వాళ్లు తర్వాత రమ్మని వెనక్కి పంపడమూ లేదు. నౌపడ నుంచి మా ఊరికి 1900లో వేసిన చిన్న రైలుబండి నిదానంగా వచ్చినా ఊళ్లోకి వచ్చేది, తమరు రాకెట్లా వచ్చి స్టేషన్ బయట ఆగిపోయారు.

కొంత పాపం నా ఫోన్‌దీ ఉందిలెండి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి దానికి ఓ జబ్బు, స్క్రీన్ ఆపి కదపకుండా బల్ల మీద పెడితే గాఢనిద్ర, చార్జర్ గుచ్చితే మెలకువ. అందుకే రాత్రి పడుకోబోతూ చార్జింగ్ పెట్టగానే వరసగా పదకొండు టింగులు, మా ఆవిడ "ఎవరండీ ఈ టైములో" అని లేచి కూర్చోడం. బావ గులాబీ గూగుల్ వాళ్ల నోటిఫికేషన్ దారిన వస్తుంది, నిద్ర లేపే పర్మిషన్ దానికుంది. సరే, బ్యాటరీ సెట్టింగుల్లో తమరికీ ఇప్పించాను, రాత్రి గోల తగ్గింది, పగలు మళ్లీ అదే కథ. నిద్ర లేపే పర్మిషన్ ఇచ్చాక ఇక తప్పు నిద్రది కాదుగా?

అసలు దొంగ హెడ్డాఫీసు గుమ్మంలో ఉన్నాడు, వచ్చీపోయే లైన్లకి కాపలా కాసే ఫైర్‌వాల్. ఫోన్ సర్వర్‌తో "కొత్తదేదైనా వస్తే చెప్పు, ఓ పాతిక నిమిషాలు లైన్లోనే ఉంటా" అని కూర్చుంటుంది, దీన్నే హార్ట్‌బీట్ అంటారు, ఈలోగా మాటా పలుకూ ఉండదు. వీడేమో అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడకపోతే పోయారనుకుని లైన్ కోసేస్తాడు, కోసినట్టు ఎవరికీ చెప్పడు. సర్వర్ పిలుస్తుంది, వినేవాడు లేడు, ఫోన్ వింటూనే ఉంటుంది, పిలుపు రాదు. అందుకే ఆ కోసే గడువు, అదే టైమౌట్, అరగంట దాకా పెంచుకోమని మైక్రోసాఫ్ట్ వాళ్లు ఎప్పట్నించో మొత్తుకుంటున్నారు. హార్ట్‌బీట్ సగటు 540 సెకన్లు దాటట్లేదు, ఫైర్‌వాల్ చూసుకోండి అని సర్వర్ కూడా లాగ్‌లో రాస్తూనే ఉంది, చదివే నాథుడేడీ? మా ఇంటి వైఫై మీద పెట్టినా ఇంతే, బావ వాళ్లింట్లో పెట్టినా ఇంతే. హైదరాబాద్ బ్రాంచిలో నాతో పాటు చేరినాయన్ని అడిగితే "నాకూ లేటే గురూ" అన్నాడు, ఆయనకి మాత్రం మీ ఏరియాలో సిగ్నల్ ఉండదని ఎవరూ చెప్పలేదట.

ఇదంతా రాసి పంపితే మూడు వారాలకి టైమౌట్ మార్చారు. నిన్నట్నుంచి బస్తా మోస్తున్నా టింగు, టీ తాగుతున్నా టింగు, ఇప్పుడు చూడలేదని చెప్పే దారి కూడా పోయింది. టిక్కెట్ క్లోజ్ చేస్తూ అబ్బాయి రాసిన రెండు లైన్లు ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. పరిష్కారం: ఫైర్‌వాల్ టైమౌట్ 30 నిమిషాలకు మార్చబడినది. కారణం: యూజర్ రిమోట్ ఏరియాలో ఉండుట.

ఇట్లు,
రిమోట్ ఏరియాలో ఉండుట