ఐదు గజాల రైతు మనవి

గౌరవనీయులైన ప్రభుత్వం వారికి, హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ మిద్దె మీద సేద్యం చేసుకుంటున్న సన్నకారు రైతు, నిజానికి మరీ సన్నకారు రైతు, నమస్కరించి రాసుకునే మనవి.

అయ్యా, నగరవాసులు తమ కూరగాయలు తామే పండించుకోవాలని మీ ఉద్యానశాఖ వారు ఒక కిట్ తెచ్చారు. అప్పట్లో యూనిట్ ధర 6 వేలు, అందులో సగం సబ్సిడీ. సిల్పాలిన్ అనే మందపాటి ప్లాస్టిక్ పట్టాతో చేసిన నాలుగు బెడ్లు, మట్టి మిశ్రమం, వేపపిండి, విత్తనాలు. ఒక్కో బెడ్ 40 అంగుళాల పొడవు, అంతే వెడల్పు. నాలుగూ కలిపితే 44 చదరపు అడుగుల చిల్లర, అంటే ఐదు గజాలకు కాస్త తక్కువ. మా తాత ఊళ్ళో పొలం అమ్ముకున్నాక మా వంశంలో ఎవరికైనా భూమి దక్కడం ఇదే మొదలు. మా ఆవిడ పసుపు కుంకుమ కూడా పెట్టింది.

ఇక అసలు సంగతి. రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12 వేలు. నా భూమి ఎకరంలో 980వ వంతు. ఆ లెక్కన నాకు ఏటా 12 రూపాయల 24 పైసలు రావాలి. వానాకాలం 6.12, యాసంగికి 6.12 చొప్పున వేసినా నాకు అభ్యంతరం లేదు. సాగుకు పనికిరాని భూములకు ఇవ్వరని విన్నాను. నాది సాగులోనే ఉంది, కావాలంటే శాటిలైట్‌లో చూసుకోండి. వాటర్ ట్యాంకుకు ఎడమ పక్కన, ఆరేసిన లుంగీ కింద.

పాస్‌బుక్ అడిగితే ఆఫీసులో ఆయన నవ్వాడు. చేను ప్లాటు కావాలంటే నాలా కన్వర్షన్ అనే భూమార్పిడి ఉంది, ఫీజు కడితే పనైపోతుంది. ప్లాటు మళ్ళీ చేను కావాలంటే ఏ ఫారం నింపాలో ఆయనకూ తెలీదు. తెలియకపోవడం ఆయన తప్పు కాదు. ఈ ఊళ్ళో ఆ దిక్కుగా నడిచినవాడెవడూ లేడు. ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష అంటే హైదరాబాదే. ఊరి చుట్టూ ఉన్న ద్రాక్ష పందిళ్ళు పోయి వెంచర్లు వచ్చాయి. బషీర్‌బాగ్, బాగ్‌లింగంపల్లిలో బాగ్, అంటే తోట, బస్సు బోర్డు మీద మాత్రం పచ్చగా ఉంది. తోట కొట్టేసి ప్లాట్లు చేసి, ఆ వెంచర్‌కు ‘గ్రీన్’ అని పేరు పెట్టి, అందులో ఐదంతస్తులు లేపి, చివరికి ఆ పైకి మట్టిని బస్తాల్లో మోసుకెళ్ళమని సబ్సిడీ ఇవ్వడం! ఇంత దూరాలోచన మామూలు బుర్రలకు అందదు.

నగరం రైతుకు ఏమీ ఇవ్వడం లేదని కొందరు గిట్టనివాళ్ళు అంటారు. అబద్ధం. ఉప్పల్ దాటి పీర్జాదిగూడ, ప్రతాపసింగారం వైపు వెళ్ళి చూడమనండి. మూసీలోకి మనం వదిలే మురుగునీరు అక్కడి పొలాలకు ఎండాకాలం కూడా ఆగకుండా పారుతుంది. కరెంటు కోత లేదు, వంతులవారీగా నీళ్ళు వదిలే వారబందీ లేదు, ఫారం అసలే లేదు. మన స్నానాల గదుల నుంచి నేరుగా చేనుకే. ఆ నీళ్ళతో పారా గడ్డి పెరుగుతుంది, ఆ గడ్డి గేదెలు తింటాయి, ఆ పాలు పొద్దున్నే మన చాయ్‌లోకి తిరిగొస్తాయి. పాలకూర, తోటకూర కట్టలు కట్టి ఆడవాళ్ళు మన వీధుల్లోకే తెచ్చి అమ్ముతారు. ఆ కూరల్లో భారలోహాలు ఉన్నాయని పరిశోధకులు చెప్పినప్పుడల్లా మనం ముక్కు మూసుకుని కొనడం మానేస్తాం. నీళ్ళు వదలడం మాత్రం మానం. ఏ కిట్టూ లేకుండా ఊరికి కూర పెడుతున్న ఆ మనుషులకు శుభ్రం చేసిన నీళ్ళు ఇవ్వడం కంటే, నాలాంటి వాడికి వేపపిండి ఇవ్వడమే తేలిక. ఫొటో కూడా బాగా వస్తుంది.

నా దిగుబడి గురించి దాచేదేం లేదు. ఈ సీజన్‌లో పదకొండు వంకాయలు, పప్పులోకి రెండుసార్లు తోటకూర. వేసవిలో నీళ్ళకు ట్యాంకర్ తెప్పించాం. ఆ బిల్లు వంకాయల మీద పంచితే కాయ ఎంత పడిందో మా ఆవిడ లెక్క కట్టింది. ఆ కాగితం జతచేయడం లేదు. కింది ఫ్లాట్ వాళ్ళ సీలింగ్‌కు చెమ్మ దిగిందని అసోసియేషన్ మీటింగ్‌లో నన్ను కాస్త గట్టిగానే అడిగారు. చెరువు నిండితే అలుగు పారదా అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మొన్న శుక్రవారం పొద్దున కోతులొచ్చాయి. మిగిలిన పంటంతా పోయింది. టమాటాలు ఒక్కోటి కొరికి, నచ్చక, కింద పార్క్ చేసిన కార్ల మీదికి విసిరాయి. కాబట్టి పంట నష్టం అంచనా వేయడానికి ఒక అధికారిని పంపించగలరు. లిఫ్ట్ పనిచేయడం లేదు, ఐదంతస్తులూ మెట్లే. ముందే చెబుతున్నాను.